ఘాట్ రోడ్డుపై విద్యుత్ కారు అకస్మాత్తుగా ఆగితే: కారణాలు, జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

విశాఖపట్నం నుండి అరకు లోయకు వెళ్లే పర్యాటకుల వాహనాలలో విద్యుత్ కార్లు కూడా చేరాయి. శృంగవరపుకోట దాటిన తరువాత మొదలయ్యే ఘాట్ రోడ్డులో ఒకవైపు కొండ, మరొకవైపు లోయ, మధ్యమధ్య తీవ్రమైన మలుపులు గలవు. ఇటువంటి చోట కారు శక్తిని కోల్పోయి నిలిచిపోయినట్లయితే అందులోని వారికే గాక, వెనుక వచ్చే బస్సులకు, లారీలకు సైతం ప్రమాదం వాటిల్లే అవకాశం ఉంది. ఇటువంటి ప్రతి సంఘటననూ "మోటారు కాలిపోయింది" అనే ఒకే మాటతో పేర్కొనడం పరిపాటి అయింది. అయితే విద్యుత్ కారులో మోటారు దృఢమైన భాగం. కారు ఆగడానికి కారణం తరచుగా మోటారుకు విద్యుత్తును అందించే, నియంత్రించే వ్యవస్థలలో ఉంటుంది. కారణాన్ని సరిగా గుర్తించి నమోదు చేసినప్పుడే లోపాన్ని సరిదిద్దడం సాధ్యమవుతుంది.

కొండ ఎక్కడానికి అయ్యే ఖర్చు

ఈ కొండలకు విద్యుత్ రవాణా కొత్త కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేరవేసే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో 1980 దశకం నుండి విద్యుత్ ఇంజన్లు నడుస్తున్నాయి. రైలు ఇంజనుకు పైనున్న తీగ నుండి విద్యుత్తు నిరంతరం అందుతుంది. కారు మాత్రం తనకు కావలసిన విద్యుత్తును బ్యాటరీలో మోసుకుని వెళ్లవలసి ఉంటుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో గాలికొండ ప్రాంతం అంతకంటే ఎత్తయినది. ప్రయాణికులతో కలిపి 1,800 కిలోల బరువుండే కారు వేయి మీటర్ల ఎత్తుకు చేరడానికి, కేవలం ఎత్తు నిమిత్తమే సుమారు 5 యూనిట్ల విద్యుత్తు కావాలి. దూరానికి, గాలి నిరోధానికి, శీతల యంత్రానికి అయ్యే వినియోగం దీనికి అదనం. 40 యూనిట్ల బ్యాటరీలో ఎనిమిదో వంతు ఈ ఎత్తుకే సరిపోతుంది. మైదానంలో చూపిన కిలోమీటర్ల అంచనాను నమ్మి తక్కువ నిల్వతో కొండ ఎక్కేవారు ఇబ్బందికి లోనయ్యేది ఈ కారణం చేతనే.

శక్తి తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు

నిటారు రోడ్డుపై ఎక్కువ సేపు ఎక్కేటప్పుడు బ్యాటరీ, మోటారు, వాటి మధ్యనుండే ఇన్వర్టర్ వేడెక్కుతాయి. వేడి పరిమితిని మించినప్పుడు కారులోని నియంత్రణ వ్యవస్థ శక్తిని తనంతట తానే తగ్గిస్తుంది. డ్రైవరుకు ఇది లోపంగా తోచినప్పటికీ, వాస్తవానికి ఇది రక్షణ చర్య. అధిక వేడి వలన మోటారులోని రాగి చుట్టలపై ఉండే పూత దెబ్బతినడం, అయస్కాంతాలు బలహీనపడడం వంటివి జరగకుండా ఇది నివారిస్తుంది. కొంతసేపు నిలిపి చల్లబరచినట్లయితే సాధారణంగా శక్తి తిరిగి లభిస్తుంది.

మరొక కారణం బ్యాటరీలోని సెల్‌ల అసమానత. వందలాది సెల్‌లలో ఒక్కటి బలహీనపడినా, కొండ ఎక్కే సమయంలో అధిక విద్యుత్తు తీసుకోగానే దాని వోల్టేజి పడిపోతుంది. అప్పుడు బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ సరఫరాను తగ్గించడమో, నిలిపివేయడమో చేస్తుంది. మన దేశంలో విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలలో నిల్వ తగ్గుతున్నా వోల్టేజి చాలా వరకు ఒకే తీరుగా ఉంటుంది. అందువలన మిగిలిన నిల్వను లెక్కించడంలో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. ఈ బ్యాటరీలను అప్పుడప్పుడు పూర్తిగా ఛార్జి చేయాలని పలువురు తయారీదారులు సూచించేది ఇందుకే.

చిన్న బ్యాటరీతో పెద్ద సమస్య

విద్యుత్ కారులో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. దీపాలు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు దీని మీదనే ఆధారపడి పనిచేస్తాయి. ఇది ఖాళీ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

ఇందుకు 2024లో వెలుగు చూసిన ఉదంతం నిదర్శనం. చిన్న బ్యాటరీని ఛార్జి చేసే సమగ్ర ఛార్జింగ్ నియంత్రణ యూనిట్‌లో లోపం ఉండవచ్చుననే కారణంతో హ్యుందాయ్ సంస్థ భారత్‌లో 1,744 అయానిక్ 5 కార్లను, కియా సంస్థ 1,138 ఈవీ6 కార్లను తనిఖీ నిమిత్తం వెనక్కు పిలిచాయి. ఇదే లోపంపై అమెరికాలోనూ ఆ సంవత్సరం భారీ సంఖ్యలో కార్లను వెనక్కు పిలవడం జరిగింది. ఈ లోపం తలెత్తినప్పుడు ముందుగా హెచ్చరిక దీపం వెలిగి, శక్తి క్రమంగా తగ్గి, చివరకు కారు నిలిచిపోతుంది. హెచ్చరికకు, నిలిచిపోవడానికి మధ్య లభించే ఈ వ్యవధిలోనే డ్రైవరు కారును సురక్షిత స్థలానికి చేర్చవలసి ఉంటుంది. మలుపు దాటిన తరువాత చూద్దామనే ధోరణి ప్రమాదకరం.

చలికాలంలో, దిగుడు దారిలో

అరకు, లంబసింగి ప్రాంతాలకు పర్యాటకుల తాకిడి అధికంగా ఉండేది డిసెంబరు, జనవరి నెలలలో. తెల్లవారుజామున ఉష్ణోగ్రత బాగా పడిపోయే ఆ రోజులలో చల్లబడిన బ్యాటరీ పూర్తి శక్తిని ఇవ్వలేదు. దిగుడులో తయారయ్యే విద్యుత్తును సైతం వేగంగా స్వీకరించలేదు.

కొండ దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి, కారును నిదానింపజేస్తూ బ్యాటరీకి విద్యుత్తును తిరిగి అందిస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నా, బాగా చల్లబడి ఉన్నా ఈ సహాయం తగ్గిపోయి, భారమంతా మామూలు బ్రేకులపై పడుతుంది. కావున పైన బస చేసిన వారు తిరుగు ప్రయాణానికి బ్యాటరీని నూరు శాతం నింపకుండా కొంత ఖాళీ ఉంచుకోవడం శ్రేయస్కరం.

కారు నిలిచిపోయినప్పుడు

శక్తి తగ్గుతున్నట్లు గమనించిన వెంటనే హెచ్చరిక దీపాలు వేసి, మలుపుకు దూరంగా, రోడ్డు అంచున వెడల్పు గల చోట కారును నిలపాలి. విద్యుత్ సహాయం ఆగినప్పుడు స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. అయినా రెండూ పనిచేస్తాయి, వాటిని ఎక్కువ బలంతో వాడవలసి ఉంటుంది. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ప్రయాణికులను కొండవైపు సురక్షితంగా నిలబెట్టాలి. హెచ్చరిక త్రికోణాన్ని వెనుక వచ్చే వారికి మలుపుకు ముందుగానే కనిపించేటట్లు ఉంచాలి. అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారులపై 1033 నంబర్లు అందుబాటులో ఉన్నాయి. ఘాట్‌లో అన్నిచోట్లా సెల్‌ఫోన్ సంకేతాలు అందవు గనుక, బయలుదేరే ముందే సర్వీసు కేంద్రం నంబరును కాగితంపై రాసుకోవడం మంచిది.

సహాయానికి వెళ్లే పోలీసు, రవాణా సిబ్బంది రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, నారింజ రంగు తీగలలో ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది గనుక వాటిని తాకరాదు. రెండవది, మోటారుతో కదిలే చక్రాలు నేలపై దొర్లుతుండగా కారును తాడుతో లాగినట్లయితే మోటారులో విద్యుత్తు పుట్టి పరికరాలు దెబ్బతినవచ్చు. కావున కారును చదునైన వేదిక గల వాహనంపైకి ఎక్కించి తరలించడం సరైన విధానం.

నమోదే పరిష్కారానికి మార్గం

2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్‌లలో విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీలు పేలి ప్రాణనష్టం సంభవించిన విషయం విదితమే. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇటువంటి దుర్ఘటనల నేపథ్యంలో, హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ సంచాలకుడు టాటా నరసింగరావు అధ్యక్షతన కేంద్రం నిపుణుల సంఘాన్ని నియమించింది. సంఘం సిఫారసుల మేరకు బ్యాటరీ భద్రతా ప్రమాణాలను సవరించి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశలలో అమలులోకి తెచ్చారు. కార్లకు వర్తించే ఏఐఎస్-038 ప్రమాణం కూడా ఈ సవరణలలో ఉంది. సంఘటనలు నమోదై, పరిశీలనకు రావడం వలననే ఈ మార్పు సాధ్యమైంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా చేరిన 110-ఎ విభాగం, లోపమున్న వాహనాలను వెనక్కు పిలిపించే అధికారాన్ని కేంద్రానికి కల్పించింది. సంబంధిత నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. యజమానులు తమ ఫిర్యాదును ఆన్‌లైన్‌లో నమోదు చేయవచ్చు. ఒకే రకమైన ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరినప్పుడు విచారణకు మార్గం ఏర్పడుతుంది. కారు చల్లబడిన తరువాత తిరిగి నడిచిందన్న కారణంతో ఫిర్యాదు చేయకుండా వదిలివేసినట్లయితే, అదే లోపం మరొకరికి మరొక మలుపులో ఎదురు కావచ్చు.

అందువలన కారు నిలిచిన స్థలం, సమయం, మిగిలిన బ్యాటరీ శాతం, తెరపై కనిపించిన హెచ్చరిక, సర్వీసు కేంద్రం ఇచ్చిన లోపం కోడ్ అనే ఐదు వివరాలను యజమానులు భద్రపరచుకోవాలి. అధికారులు తమ నివేదికలలోనూ, పాత్రికేయులు తమ వార్తలలోనూ "మోటారు వైఫల్యం" అనే మాటకు బదులు ఈ వివరాలను పేర్కొన్నట్లయితే అసలు కారణం తెలియడమే గాక, ఘాట్ ప్రయాణికుల భద్రతకు మేలు చేకూరుతుంది.