ప్రయారిటైజ్: ముందేది, వెనుకేది?

కార్యాలయములందును, ఆసుపత్రులందును, విద్యాలయములందును నేడు తఱచుగా వినవచ్చు ఆంగ్లక్రియలలో ‘ప్రయారిటైజ్’ ఒకటి. ముందటిది అను అర్థముగల లాటిన్ శబ్దమునుండి ‘ప్రయారిటీ’ అను నామము శతాబ్దములకు పూర్వమే ఆంగ్లమున కుదురుకొన్నను, దానినుండి పుట్టిన ఈ క్రియ 20వ శతాబ్ది ఉత్తరార్ధముననే విరివిగా వ్యాప్తిలోనికి వచ్చినది. దీనికి రెండర్థములు కలవు: పెక్కుకార్యములను ప్రాముఖ్యమునుబట్టి వరుసగా నిలుపుట మొదటిది, ఒకదానిని తక్కినవానికంటె ముందుంచుట రెండవది.

నెపోలియన్ సేనలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారే ఆచరించిన పద్ధతి మొదటి యర్థమునకు చక్కని దృష్టాంతము. క్షతగాత్రుని హోదాను గాక గాయముయొక్క తీవ్రతనే ప్రమాణముగా గైకొని, ప్రాణాపాయమున నున్నవాడు సామాన్యసైనికుడైనను వానికే ముందు, స్వల్పముగా గాయపడినవాడు సేనాధికారియైనను వానికి తరువాత చికిత్స జరుగవలెనని ఆయన నియమము. నేడును ఘోరప్రమాదములు సంభవించినపుడు ఎఱ్ఱచీటీ కట్టినవానికి తక్షణచికిత్సయు, పసుపుచీటీవానికి పిదపను, ఆకుపచ్చచీటీవానికి ఆ పిమ్మటను జరుగుట ఈ క్రమనిర్ణయమే.

రెండవ యర్థమునకు మన బ్యాంకులే సాక్ష్యము. దేశీయ వాణిజ్యబ్యాంకులు తమ సవరించిన నికర రుణములో నూటికి కనీసము 40 వంతులు ప్రాధాన్యరంగమునకును, అందులో 18 వంతులు వ్యవసాయమునకును ఈయవలెనని రిజర్వుబ్యాంకు విధించినది. పరిమితమైన ధనములో రైతునకు వాటా ముందుగా ఏర్పఱచితిమన్న, ఆ మేరకు ఇతరులకు తగ్గించితిమనియే యర్థము.

ప్రయోగమున మనవారు గమనింపవలసిన విశేష మొకటి కలదు. ‘భద్రతకు ప్రాధాన్యమిచ్చు’ అని పలుకు అలవాటుచేత ఆంగ్లమునను ఈ క్రియకు ‘టు’ తగిలింపబోదుము, అది దోషము. ‘ప్రయారిటైజ్ సేఫ్టీ’ యని కర్మపదమును నేరుగా చేర్చవలెను. దేనికంటె ముందో తెలుపగోరినచో ‘ప్రయారిటైజ్ సేఫ్టీ ఓవర్ స్పీడ్’ అని ‘ఓవర్’ను వాడవలెను.

ఆ ‘ఓవర్’ తరువాత వచ్చు మాటను దాచుటచేతనే ఈ క్రియ నిస్సారమగుచున్నది. వ్యవసాయమునకు పెద్దపీట, విద్యకు పెద్దపీట, వైద్యమునకు పెద్దపీట, పరిశ్రమలకు పెద్దపీట యని వరుసగా ప్రకటించుచు పోయినచో, నిధులు చాలనినాడు ఆగవలసిన దేదో ఎవ్వరికిని తెలియదు. ఆనాడు గట్టిగా నడుగగలవానికే అవి దక్కును, నోరులేనివాడు మిగిలిపోవును. కావున ఈ క్రియను పలుకువాడు ముందుంచినదానితోపాటు వెనుకకు నెట్టినదానిని, అట్లు నిర్ణయించుటకు గైకొన్న ప్రమాణమును గూడ స్పష్టముగా చెప్పవలెను. వినువారును ఆ రెంటిని అడిగి తెలిసికొనవలెను.