కబడ్డీ తర్వాత కాళ్లకు నూనె

ఆదివారం వచ్చిందంటే మన హాస్టల్లో బోరింగు దగ్గర సందడే వేరు. కాస్మెటిక్ ఛార్జీలతో కొన్న కొబ్బరినూనె సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ ఒకరి తలకు ఒకరం రాసుకుని, మాడు మీద దబదబా తట్టుకుని స్నానాలకు పోతాం. ఇంటి దగ్గరైతే అమ్మ తలంటేది. ఇక్కడ పక్క ట్రంకుపెట్టె వాడే అమ్మ.

మర్దన మనకు కొత్త కాదు. రోజూ ఒంటికి నూనె పట్టించాలని, తలను, చెవులను, అరికాళ్లను మరవొద్దని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అజీర్ణం ఉన్నప్పుడు వద్దని కూడా చెప్పాడు. ఈ రెండో మాట ఎవరూ గుర్తుచేయరు!

మర్దన వల్ల బిగుసుకున్న కండరం వదులవుతుంది, ఒళ్లు తేలికపడి నిద్ర పడుతుంది. ఆట ఆడిన మర్నాడు పిక్కల్లో ఉండే సలుపు కొంత తగ్గుతుంది. లాక్టిక్ ఆమ్లం కరిగిపోవడం వల్లే ఇలా అవుతుందని మనం అనుకుంటాం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 11 మంది యువకులతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికే 10 నిమిషాలు మర్దన చేయించి, రెండు కాళ్ల కండరాలనూ పరీక్షించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మర్దన చేసిన కాలిలో వాపు కలిగించే సంకేతాలు తగ్గాయి గానీ లాక్టిక్ ఆమ్లం తగ్గలేదు.

ఇక మేము చేసిన తప్పు చెప్పాలి. ఒకసారి కబడ్డీలో మా మిత్రుడి చీలమండ మడతపడి ఉబ్బింది. ప్రేమకొద్దీ నూనె కాచి రెండు రాత్రులు గట్టిగా తోమాం. వాడు అరుస్తుంటే "బెణుకేరా, ఓర్చుకో" అన్నాం. మూడోరోజు ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగి ఉంది. ఆరు వారాలు పిండికట్టు. వాడు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

తగిలిన కొత్తలో రెండు మూడు రోజులు మర్దన వద్దు. చన్నీళ్ల గుడ్డ వేసి, కాలు ఎత్తుమీద పెట్టి, కదపకుండా ఉంచాలి. నాలుగు అడుగులు వేయలేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జ్వరం ఉన్నా, ఒక్క పిక్కే వాచి వేడిగా ఉన్నా నూనె జోలికి పోవద్దు. గజ్జి ఉన్నవాడిని తోమితే అది తోమినవాడికీ అంటుకుంటుంది. గదిలో అందరూ ఒకేసారి మందు రాసుకుంటేనే అది పోతుంది.

ఆ మిత్రుడు ఇప్పటికీ వార్షికోత్సవానికి వస్తాడు. జూనియర్లు కాలు పట్టుకుని కూర్చుంటే నూనె సీసా పక్కన పెట్టి, "ముందు నాలుగు అడుగులు నడిచి చూపించు తమ్ముడూ" అంటాడు.