నూనె దారిలో బంతి

బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలకు పాలిష్ పట్టేవాళ్లు ముందు గరుకు రాయితో మొదలుపెట్టి క్రమంగా నునుపు రాళ్లకు వెళ్తారు. నంబరు పెరిగేకొద్దీ బండ మెరుపెక్కుతుంది. నీళ్లు పడితే కాలు ఏ బండ మీద జారుతుందో, ఏ బండ మీద నిలుస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిన్నులను పడగొట్టే బౌలింగ్ ఆటలో బంతి ఎంపికకు సగానికి పైగా శాస్త్రం అదే.

కర్నూలు నుంచో కడప నుంచో డల్లాస్ చేరిన మన ఇంజనీర్లకు ఆఫీసు ఔటింగ్‌తో పరిచయమయ్యే ఆట ఇది. ఆటకు నియమాలు రాసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ ప్రధాన కార్యాలయం కూడా ఆ పక్కనే, ఆర్లింగ్టన్‌లో ఉంది. కొత్తవాళ్లు అరలోంచి రంగు నచ్చిన బంతి తీసి, వేళ్లు దూరితే చాలనుకుని, నేరుగా విసిరేస్తారు. పక్క లేన్‌లో ఆడేవాడి బంతి మాత్రం అంచుదాకా పోయి, ఇక కాలువలో పడిందనుకునే లోపే వెనక్కి మళ్లి పిన్నుల మధ్యకు దూరుతుంది. చేతివాటం కొంత ఉంది, కాదనను. కానీ ఆ మలుపు తిప్పేది లేన్ మీద కంటికి కనిపించని నూనె.

బంతి వదిలే గీత నుంచి మొదటి పిన్నుదాకా 60 అడుగులు. అడ్డంగా 39 పలకలు. సుమారు మొదటి 40 అడుగుల వరకు పలుచగా నూనె పూస్తారు, మిగతాది పొడిగా వదిలేస్తారు. మామూలు హాళ్లలో మధ్యన నూనె ఎక్కువ, అంచుల్లో తక్కువ. గురితప్పి అంచుకు పోయిన బంతికి పొడి నేల తగిలి లోపలికి వస్తుంది. లోపలికి వచ్చిన బంతి నూనెలో జారి నేరుగా పోతుంది. అంటే మన తప్పుల్ని లేనే సర్దుతోంది. హాల్లో దండిగా స్కోరు చేసినవాడు పోటీలకు వెళ్లి తెల్లమొహం వేయడానికి కారణం ఇదే. అక్కడ నూనె అడ్డంగా ఇంతకన్నా సమంగా ఉంటుంది, అంచులు అంతగా సర్దిపెట్టవు.

చేతినుంచి వదిలినప్పుడు బంతి ముందుకు పోతూనే పక్కకు తిరుగుతుంటుంది. నూనె మీద ఘర్షణ గుణకం సుమారు 0.04, కాబట్టి ఆ తిరుగుడు వృథా, బంతి జారుతూ పోతుంది. పొడి పలకల మీద అది 0.2 దాకా పెరుగుతుంది. అప్పుడు నేల తగిలే చోట ఘర్షణ బంతిని తిరుగుడు వైపుకు తోస్తుంది. దాన్నే హుక్ అంటారు. చివరికి జారుడు పూర్తిగా ఆగి, బంతి దొర్లుతుంది. దాదాపు 6 డిగ్రీల కోణంలో పిన్నుల్లోకి వెళ్తే స్ట్రైక్‌కు, అంటే ఒకే దెబ్బకు పిన్నులన్నీ పడడానికి, అవకాశాలు మెరుగు. నేరుగా విసిరితే ఆ కోణం దొరకదు.

ఇప్పుడు పైపొర. ఒకప్పుడు రబ్బరు, తర్వాత పాలియెస్టర్. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఆటగాడు గట్టి బంతిని ఘాటైన ద్రావకంలో నానబెట్టి పైపొరను మెత్తబరిచాడు. మెత్తని బంతి నేలను బాగా పట్టింది. ఆ ఏడాది ప్రొఫెషనల్ బౌలర్లలో మేటి అతనే. తెలివి అంటే అదీ, ఆ ఆవిరి పీల్చడం మాత్రం తెలివి కాదు. ఆ తర్వాతే బంతికి కనీస గట్టిదనం ఉండాలని నియమాలు వచ్చాయి. 1980ల మొదట్లో యురెథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాయి. రెజిన్ పొరకు సూక్ష్మరంధ్రాలుంటాయి. నూనెను పీల్చుకుంటూ నేలను పట్టుకుంటుంది.

దాన్ని సానపట్టే తీరు మీదా చాలా ఆధారపడి ఉంది. 500 నంబరు ప్యాడ్‌తో గరుకుగా చేసిన బంతి దండిగా నూనె ఉన్నా తొందరగా పట్టు దొరకబుచ్చుకుంటుంది. 4000తో నునుపు చేసి పాలిష్ పెడితే పొడి లేన్‌లో కూడా ముందే తిరిగిపోకుండా దూరం జారుతుంది.

రంధ్రాల సంగతికి వద్దాం. బంతి లోపల బరువైన కోర్ ఒకటి ఉంటుంది. కోర్ పైకొస ఎటుందో చూపే చిన్న రంగు చుక్క బంతి మీద కనిపిస్తుంది, దాన్ని పిన్ అంటారు. డ్రిల్లింగ్ చేసేవాడు ముందు ఆటగాడితో బంతి వేయించి, దాని మీద పడిన నూనె చారల్ని బట్టి అది ఏ అక్షం మీద తిరుగుతోందో కొలుస్తాడు. ఆ అక్షబిందువుకు పిన్ ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించాకే రంధ్రాలు. ఆ దూరం సుమారు మూడున్నర అంగుళాలకు కాస్త తక్కువగా ఉంటే అక్షం బాగా కదులుతుంది. ప్రతి చుట్టుకూ నూనె అంటని కొత్త చోటు నేలను తాకుతుంది. నూనె ఎక్కువున్న లేన్‌కు అది మేలు. పిన్ సరిగ్గా అక్షం మీదే ఉంటే అదే చార మళ్లీ మళ్లీ తాకుతుంది, మలుపు తగ్గుతుంది.

ఈ రంధ్రాల అమరిక, అంటే లేఔట్, గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు. బౌలింగ్ కాంగ్రెస్ వాళ్లే చేసిన బంతి కదలికల అధ్యయనంలో పైపొర గరుకుదనం లాంటివే ఎక్కువ ప్రభావం చూపాయి. కొత్త రంధ్రాలకు డబ్బు పోసేముందు సానపట్టి చూడడం చవక. వేళ్లకు కొలత సరిగ్గా కుదరడం మాత్రం వేరే మాట: బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య దూరం తప్పితే మణికట్టు నొప్పి ఖాయం. వేళ్లు పట్టనక్కర్లేని అదనపు రంధ్రాన్ని బరువు సర్దడానికి పెట్టుకునేవారు. 2020 ఆగస్టు నుంచి అది నిషిద్ధం.

ఒక్క బంతే కొనగలిగితే మధ్యస్థ గరుకుదనం ఉన్న రెజిన్ బంతి తీసుకోవచ్చు. మిగిలిన ఒక్క పిన్నును కొట్టడానికి నేరుగా పోయే పాలియెస్టర్ ఉంటే ఇంకా మంచిది. ఇండియాకు తెచ్చుకుంటే మాత్రం మే నెలలో కారు డిక్కీలో వదలకండి. కర్నూలు ఎండకు రెజిన్ పైపొర పగిలినా పగులుతుంది.

నూనె కూడా ఆట పొడుగునా ఒకేలా ఉండదు. బంతులు దాన్ని పీల్చేస్తాయి, కొంత ముందుకు ఈడ్చుకుపోతాయి. మూడో గేమ్‌కల్లా బంతి ముందుగానే తిరుగుతుంటే కుడిచేతివాళ్లు కొద్దిగా ఎడమకు జరిగి నిలబడాలి, లేదా ఇంకా నునుపైన బంతి తీయాలి.