కారం తెలిసిన నరాలు, గ్యాస్ మాత్రలు

పలాసలో జీడిపిక్కల పని చేసేవాళ్ళయినా, విజయనగరం జిల్లాలో వరినాట్లు వేసేవాళ్ళయినా ఒళ్ళు నొప్పులని మందుల షాపుకి వెళ్తే చాలాసార్లు రెండు మాత్రలు చేతికొస్తాయి. నొప్పికొకటి, గ్యాస్‌కొకటి. రెండోది లేకుండా మొదటిది వేసుకుంటే కడుపు పాడవుతుందన్న భయం సరైనదే. కానీ గ్యాస్ మాత్ర కాపలా కాసేది కడుపుని మాత్రమే.

జీర్ణాశయం గోడలో కొన్ని కణాలు ఆమ్లాన్ని పంపుల్లా లోపలికి తోడుతుంటాయి. 1988లో స్వీడన్‌లో అమ్మకానికి వచ్చిన ఒమెప్రజోల్, ఆ తర్వాతి పాంటొప్రజోల్, రాబెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఆ పంపులకు అతుక్కుని వాటిని ఆపేస్తాయి. పంపు నడుస్తున్నప్పుడే మందు దాన్ని పట్టుకోగలదు. తిండికి అరగంట ముందు వేసుకోమనేది అందుకే.

ఆమ్లం నుంచి తనను కాపాడుకోవడానికి కడుపుకి సొంత ఏర్పాటు కూడా ఉంది. నాకు అది ఈ మందులన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. జీర్ణాశయం పొర కింద సన్నటి స్పర్శ నరాలు అల్లుకుని ఉంటాయి. వాటి కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. పచ్చిమిరపలోని కాప్సైసిన్, 43 డిగ్రీలు దాటిన వేడి, ఆమ్లం, ఈ మూడింటికీ స్పందించేది ఆ ఒక్క గ్రాహకమే. పొర దాటి ఆమ్లం కొంచెం లోపలికి ఊరగానే నరం మెదడుకి కబురు పంపి ఊరుకోదు. తన కొస నుంచే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతుంది. చుట్టుపక్కల సన్నటి ధమనులు వెంటనే వెడల్పవుతాయి. రక్తం ఉరికి వచ్చి, తన వెంట తెచ్చిన బైకార్బొనేట్‌తో ఆమ్లాన్ని విరిచి, మిగిలినదాన్ని కడిగేస్తుంది. ఎలుకల్లో ఈ నరాలను పనిచేయకుండా చేస్తే అదే ఆమ్లానికి పుండ్లు మరింత తీవ్రంగా పడతాయి.

1995లో సింగపూర్ వైద్యులు 18 మంది ఆరోగ్యవంతులకు ఆస్పిరిన్‌కి ముందు కారం ఇచ్చి చూశారు. ఇవ్వనప్పటికన్నా కడుపు పొర తక్కువ దెబ్బతింది. మనకి అన్నంలో పచ్చిమిరపకాయ నంజుకోవడం అలవాటే కాబట్టి ఈ ఫలితం ఆసక్తిగా ఉంటుంది. అలాగని ఇప్పటికే గుండెల్లో మంట ఉన్నవాళ్ళు కారం పెంచుకోకూడదు. జపాన్‌లో తయారై మన దేశంలోనూ దొరికే లాఫుటిడిన్ అనే గ్యాస్ మందు ఈ నరాల దారినే వాడుకుంటుంది. ఆమ్లం తగ్గిస్తూనే ఆ నరాలను పనిలోకి దింపి పొరకు రక్తం పెంచుతుంది.

నొప్పి మాత్ర చేసేది దీనికి వ్యతిరేకమైన పని. డైక్లోఫెనాక్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. జీర్ణాశయం పొరకి రక్తం అందించేవాటిలో అవీ ఉన్నాయి. మూత్రపిండాలకు వెళ్ళే ధమనులు తెరుచుకుని ఉండేదీ వాటివల్లే, ముఖ్యంగా ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు. గ్యాస్ మాత్ర ఈ నష్టాన్ని ఆపలేదు. పైగా అరుదుగానైనా అదే మూత్రపిండాల్లో వాపు తెస్తుంది. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకి మూలం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితోపాటు పరిశోధన కేంద్రమూ మొదలైంది. కారణం తేలేవరకైనా కవిటి, సోంపేట, కంచిలి వైపువాళ్ళు ఈ జంట మాత్రలను సొంతంగా కొని మింగకూడదని గట్టిగా చెప్పాలి.

గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే నరాలకూ ఇబ్బందే. చేప, గుడ్డు, పాలల్లోని బీ12ను మాంసకృత్తుల నుంచి విడదీయడానికి ఆమ్లం కావాలి. 2013లో కాలిఫోర్నియాలో వచ్చిన పరిశీలనలో, రెండేళ్ళు, అంతకుమించి ఈ మందులు వాడినవారిలో బీ12 లోపం బయటపడే అవకాశం 65 శాతం ఎక్కువని తేలింది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోపం నెమ్మదిగా వస్తుంది. మొదట అరికాళ్ళలో చీమలు పాకినట్టు, తర్వాత తిమ్మిర్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ కూడా వాడేవారికి రెండు వైపులా దెబ్బే. చాలామంది షుగర్ తిమ్మిర్లే అనుకుని వదిలేస్తారు. రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

రక్తనాళాల విషయంలో భయం కొంత తగ్గింది. ఈ మందులు నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ని తగ్గించవచ్చని 2013లో ప్రయోగశాలలో కనిపించింది. కానీ 17 వేలమందికి పైగా చేర్చుకుని, వారిలో సగం మందికి పాంటొప్రజోల్, మిగతా సగానికి మందు లేని మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళపాటు చూసిన కంపాస్ పరీక్షలో గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదని 2019లో తేలింది. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవారు మాత్రం ఒమెప్రజోల్ బదులు వేరేది అడగాలి. ఒమెప్రజోల్ ఆ మందు పనిని తగ్గిస్తుంది.

ఇది చదివి గ్యాస్ మాత్ర ఒక్కసారిగా మానేయకండి. ఆస్పిరిన్ వాడుతూ ఒకప్పుడు కడుపులో రక్తస్రావం అయినవారికి అది ప్రాణరక్షణ. మిగిలినవారికి కూడా ఆపగానే పంపులు ఎదురుతిరిగి మరింత ఆమ్లం తోడతాయి. డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేనివారికి ఎనిమిది వారాలు ఇచ్చి ఆపితే, 44 శాతం మందికి కొత్తగా మంట, పులితేన్పులు వచ్చాయి. డాక్టరుగారు చెప్పినట్టు మోతాదు తగ్గిస్తూ, రోజు విడిచి రోజుకి మారుస్తూ మానాలి. మధ్యలో వచ్చే ఆ మంట కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది.