ఆకలిగొన్నవారి హక్కు

స్తోత్రం, కృతజ్ఞత సర్వం అల్లాహ్‌కే చెందుతాయి. మనల్ని పుట్టించినవాడు, నేలలో గింజను మొలకెత్తించి మనకు అన్నం ప్రసాదించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



నేడు మానవాళిని పీడిస్తున్న సమస్యలు అనేకం. యుద్ధాలు, వలసలు, నిరుద్యోగం, మత్తుపదార్థాలు, అప్పుల భారం - ఇలా ఎన్నో. అన్నింటినీ ఒక్క ఖుత్బాలో వివరించడం సాధ్యం కాదు. అందుచేత ఈ జుమా నాడు ఒక్కదాన్నే తీసుకుని పరిశీలిద్దాం. అది ఆకలి. దైవప్రవక్త (సఅసం) తమ దుఆలలో ఆకలి నుండి అల్లాహ్ శరణు కోరేవారు. రాత్రివేళ మనిషిని అంటిపెట్టుకుని ఉండే చెడ్డ తోడుగా దాన్ని పేర్కొన్నారు. ఆకలి అంటే ఏమిటో ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. కందకం తవ్విన రోజుల్లో ఆయన కడుపుకు రాయి కట్టుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

కొరత ఎక్కడ ఉంది?

ఐక్యరాజ్య సమితికి చెందిన సంస్థలు 2025లో వెలువరించిన అంచనా ప్రకారం, 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో బాధపడ్డారు. ఆ సమితికే చెందిన పర్యావరణ విభాగం మరొక లెక్క కూడా ప్రకటించింది. 2022లో ప్రపంచం సుమారు 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారవేసింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది దాదాపు ఐదవ వంతు. ఇందులో 60 శాతం హోటళ్ళ నుండో, దుకాణాల నుండో కాదు, ఇళ్ళ నుండి వచ్చింది. ఇళ్ళలో ప్రతిరోజూ వృథా అవుతున్నది వంద కోట్ల భోజనాలకు తక్కువ కాదని ఆ నివేదిక తెలిపింది.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అల్లాహ్ భూమి తన దాసుల పట్ల లోభం చూపలేదు. ఆకలి దూర ఖండాలకు మాత్రమే పరిమితమైనదీ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 35 శాతానికి పైగా వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. ఈ నిష్పత్తి ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. అంటే మన వీధుల్లో ఆడుకుంటున్న ప్రతి ముగ్గురు పసివారిలో దాదాపు ఒకరి శరీరంపై పోషకాహార లోపం తన ముద్ర వేసింది.

కరువులు చెప్పే పాఠం

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాష్ట్రంలో, ముఖ్యంగా నేటి రాయలసీమ జిల్లాల్లో అసంఖ్యాకంగా జనం మరణించారు. అదే కాలంలో దేశం నుండి ధాన్యం విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉంది. 1943లో బెంగాల్ కరువు సుమారు 30 లక్షల మందిని బలిగొంది. ఆ కరువును అధ్యయనం చేసిన ఆర్థికవేత్త అమర్త్య సేన్, ఆ సంవత్సరం ధాన్యం లభ్యత అంతకుముందు సంవత్సరాలతో పోలిస్తే అంతగా తగ్గలేదని చూపించారు. ధరలు ఆకాశాన్ని అంటాయి; కూలి మాత్రం ఉన్నచోటనే ఉంది. ధాన్యం ఉంది, కాని దాన్ని పొందే శక్తి కూలివానికి లేదు.

నేడు యుద్ధం కూడా ఇదే పని చేస్తున్నది. 2024 ఆగస్టులో సూడాన్ దేశపు ఉత్తర దార్ఫూర్‌లోని ఒక నిర్వాసితుల శిబిరంలో కరువు నెలకొన్నట్లు నిపుణులు ప్రకటించారు. ఆ శిబిరం పేరు జమ్‌జమ్. దాహంతో ఏడుస్తున్న బిడ్డ కోసం తల్లి హాజిరా పరుగెత్తిన చోట అల్లాహ్ వెలువరించిన ఊట పేరది. మరుసటి సంవత్సరం ఆగస్టులో గాజాలోనూ కరువును నిర్ధారించారు. ఈ రెండు చోట్లా ఆహారం చేరవలసిన దారులను మూసివేసినవి మానవ హస్తాలే.

ఇది దానం కాదు, హక్కు

సోదరులారా! కొరత గింజల్లో లేదు, గింజ చేరవలసిన చోటికి చేరకపోవడంలో ఉందని గ్రహించినప్పుడు, ఇస్లామ్ ఈ సమస్యను ఏ కోణం నుండి చూసిందో మనకు స్పష్టమవుతుంది. విశ్వాసుల సంపదలో అడిగేవారికీ, అడగలేక ఉండిపోయేవారికీ హక్కు ఉందని దివ్య ఖుర్ఆన్ ప్రకటించింది. ఆ పదాన్ని గమనించండి. దయ అనలేదు, హక్కు అన్నది. దయ చూపకపోతే మనిషి కఠినుడు అవుతాడు. హక్కు చెల్లించకపోతే ఋణగ్రస్తుడు అవుతాడు. మనం పేదవానికి అన్నం పెట్టినప్పుడు మన సొమ్ము ఇవ్వడం లేదు, అతని సొమ్ము అతనికి అప్పగిస్తున్నాం.

అల్-అన్ఆమ్ సూరాలోని 141వ ఆయతు పంటల గురించి ప్రస్తావిస్తూ రెండు ఆజ్ఞలను ఒకే చోట చేర్చింది. కోత రోజున పంటలోని హక్కును చెల్లించమన్నది మొదటిది. దుబారా చేయవద్దన్నది రెండవది. ఈ రెండూ పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. మనం పారవేసే ప్రతి ముద్దలో మరొకరి వాటా కలిసి ఉంది.

అల్-మాఊన్ సూరాను మనం నమాజుల్లో తరచుగా పఠిస్తాం. తీర్పుదినాన్ని ధిక్కరించేవాని గుర్తులను అది తెలుపుతుంది. పేదవానికి అన్నం పెట్టకపోవడం మాత్రమే కాదు, పెట్టమని ఇతరులను పురికొల్పకపోవడం కూడా అక్కడ నేరంగా పేర్కొనబడింది. అల్-హాఖ్ఖా, అల్-ఫజ్ర్ సూరాల్లోనూ ఇదే మందలింపు ఉంది. తన వద్ద ఏమీ లేనివాడు కూడా ఈ బాధ్యత నుండి తప్పించుకోలేడు. చేతిలో పైసా లేకపోయినా నోట మాట ఉంది. ఆకలి తీర్చడం వ్యక్తుల ఇష్టాయిష్టాలకు వదిలివేసిన పని కాదనీ, సమాజమంతా కలిసి నెరవేర్చవలసిన విధి అనీ దీనివల్ల బోధపడుతున్నది.

షరీఅత్ మన తప్పులను సైతం పేదవాని భోజనంగా మార్చింది. ప్రమాణం భంగం చేసినవాడు పదిమంది పేదలకు అన్నం పెట్టడం ఒక పరిహారం. కోలుకునే ఆశ లేని రోగి, ఉపవాసాలు పాటించలేని వృద్ధుడు ఫిదియాగా అన్నం పెట్టాలి. పండుగ నమాజుకు ముందే ఫిత్రా చేరాలి. ఖుర్బానీ మాంసంలో పేదలకు వాటా ఉంది. ఇన్ని ద్వారాలు తెరిచిన ధర్మాన్ని అనుసరించే వారి మొహల్లాలో ఒక బిడ్డ ఆకలితో నిద్రపోతే, ఆ ద్వారాలను మూసినవారు ఎవరు?

మన దావతులు

ఈ ప్రశ్న మనల్ని మన షాదీఖానాల వద్దకు తీసుకువెళుతుంది. అతిథి మర్యాద గొప్ప సున్నత్. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ముక్కూ మొహం తెలియని అతిథుల ముందు వేచిన దూడ మాంసం ఉంచారు. ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు చెప్పారు. కనుక పెట్టడాన్ని ఎవరూ తప్పు పట్టరు. కాని నేడు మన విందుల్లో రెండు అనర్థాలు చోటు చేసుకున్నాయి.

ఒకటి, ప్రదర్శన. వచ్చినవారి ఆకలి ఎంత అని కాక, నలుగురూ ఏమనుకుంటారు అని వంటకాల సంఖ్య నిర్ణయిస్తున్నాం. పళ్ళెంలో కొండలా వడ్డించిన బిర్యానీలో సగం అలాగే మిగులుతుంది. తెల్లవారేసరికి అది షాదీఖానా వెనుక కుప్పగా పడి ఉంటుంది. ఆ విందు కోసం ఆడపిల్ల తండ్రి వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఏళ్ళ తరబడి అతని మెడకు చుట్టుకుని ఉంటుంది. కిందపడిన ముద్దను సైతం తీసి, శుభ్రపరచి తినమనీ, అన్నంలో ఏ భాగంలో శుభం ఉందో మనకు తెలియదనీ బోధించిన ప్రవక్త అనుయాయులం మనం.

రెండవది, అంతకంటే తీవ్రమైనది. ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా భోజనాన్ని భోజనాలన్నింటిలో చెడ్డదిగా హదీసు పేర్కొన్నది. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఇది నమోదై ఉంది. కనుక మిగిలింది పేదలకు పంచాం అని తృప్తి పడటం చాలదు. వారి పేర్లు మొదటే అతిథుల జాబితాలో ఉండాలి. మనం స్వీకరించడానికి ఇష్టపడనిదాన్ని అల్లాహ్ మార్గంలో ఇవ్వవద్దని దివ్య ఖుర్ఆన్ బోధిస్తుంది.

పూర్వులు చూపిన మార్గం

హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టులో ఏడేళ్ళ పంటను వెన్నులతోనే నిల్వ చేయించి, తరువాతి ఏడేళ్ళ కరువు నుండి ప్రజలను కాపాడారు. ఆ నిల్వ ప్రజల కోసం. కాని ధర పెరగాలని గోదాముల్లో సరుకు దాచిపెట్టేవాణ్ణి దైవప్రవక్త (సఅసం) పాపిగా పరిగణించారు.

అష్అరీ తెగవారు తమ వద్ద ఆహారం తగ్గిపోయినప్పుడు, ఎవరి వద్ద ఎంత ఉన్నా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాణ్ణి అన్న భావంతో ప్రవక్త (సఅసం) వారిని ప్రశంసించారు.

హిజ్రీ 18వ సంవత్సరంలో హిజాజ్ ప్రాంతం తీవ్రమైన కరువులో చిక్కుకుంది. చరిత్రలో దానికి ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అని పేరు. ప్రజలకు నెయ్యి, మాంసం లభించేవరకు తాను వాటిని ముట్టనని ఖలీఫా ఉమర్ (రజి) నిశ్చయించుకున్నారు. షామ్ నుండి హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఒంటెలపై ఆహారం తెచ్చారు. మదీనాలో పెద్ద పాత్రల్లో వంటలు జరిగాయి. భోజనానికి వచ్చినవారిని లెక్కించమని, రాలేని రోగులను, పసిపిల్లలున్న కుటుంబాలను కూడా లెక్కించమని ఉమర్ (రజి) ఆదేశించినట్లు చరిత్రకారులు రాశారు. ఆయన కన్నీరు కార్చి ఊరుకోలేదు, జాబితా రాయించారు.

మనం చేయవలసినది

ప్రభుత్వాలు చేయవలసినది చాలా ఉంది. ఫ్రాన్స్ 2016లో ఒక చట్టం ద్వారా పెద్ద దుకాణాలు అమ్ముడుపోని మంచి ఆహారాన్ని నాశనం చేయడాన్ని నిషేధించి, సేవా సంస్థలకు ఇచ్చే ఏర్పాటు చేయించింది. మన దేశంలో 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం రేషను బియ్యాన్ని, అంగన్‌వాడీ పోషకాహారాన్ని, బడిలో మధ్యాహ్న భోజనాన్ని అర్హులకు చట్టబద్ధమైన హక్కుగా చేసింది. అయితే కాగితంపై ఉన్న హక్కు కంచంలోకి రావాలంటే సాయపడే చేతులు కావాలి.

ఆ చేతులు మన మస్జిద్ నుండే రావాలి. ప్రతి మస్జిద్ కమిటీ మొహల్లాలోని వితంతువులు, అనాథలు, మంచానపడ్డవారు, పనికోసం ఇతర ప్రాంతాల నుండి వచ్చిన కూలీల జాబితా తయారు చేయాలి. మతం అడగనవసరం లేదు. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న బోధనలో పొరుగువాని మతం ప్రస్తావన లేదు. రేషను కార్డు లేనివారికి దరఖాస్తు రాసిపెట్టండి. గర్భిణులను, బాలింతలను అంగన్‌వాడీకి చేర్చండి. జకాత్‌ను రమజాన్‌లో చిల్లరగా పంచివేయక, ఒక కుటుంబం మళ్ళీ చేయి చాచనవసరం లేని విధంగా కుట్టుమిషనో, తోపుడుబండో సమకూర్చండి. పొలం ఉన్న రైతు సోదరులు తమ పంటపై ఉష్ర్ ఎంత చెల్లించాలో ఉలమాను అడిగి తెలుసుకోండి.

దావత్ చేసేవారు వచ్చేవారి సంఖ్యను ముందే తెలుసుకుని బావర్చీకి చెప్పండి. మొదటిసారి కొద్దిగా వడ్డించి, అడిగినవారికి మళ్ళీ వడ్డించే ఏర్పాటు చేయండి. పేదల వాటాను దస్తర్‌ఖాన్ పరచకముందే దేగ్ నుండి వేరు చేసి, వేడిగా ఉండగానే ఇళ్ళకు పంపండి. వారి ఫోటోలు తీయకండి. ప్రతిఫలాన్ని గాని, కృతజ్ఞతను గాని కోరకుండా అన్నం పెట్టేవారినే అల్లాహ్ ప్రశంసించాడు.

ఇక ఇంటి విషయం. సోదరీమణులారా! కూరలో కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (సఅసం) అబూజర్ (రజి)కు బోధించారు. అందుకు ధనం అవసరం లేదు, గుర్తు ఉంచుకునే మనసు చాలు. పిల్లలకు పళ్ళెంలో మెతుకు మిగల్చకపోవడం నేర్పండి. పొరుగింటికి గిన్నె తీసుకువెళ్ళే పని కూడా వారికే అప్పగించండి.

ముస్లిం గ్రంథంలోని ఒక హదీసు ఖుద్సీ ప్రకారం, ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి, నేను నిన్ను అన్నం అడిగితే పెట్టలేదేమని ప్రశ్నిస్తాడు. సర్వలోకాలను పోషించేవానికి నేనెలా పెట్టగలనని దాసుడు విస్తుపోతాడు. ఫలానా దాసుడు అడిగాడనీ, అతనికి పెట్టి ఉంటే ఆ పుణ్యం నా వద్ద పొందేవాడివనీ అల్లాహ్ సెలవిస్తాడు. ఆ ఫలానా దాసుడు మన వీధిలోనే ఉన్నాడు. ఈరోజు అసర్ నమాజుకు ముందే అతని తలుపు తట్టే అవకాశం మనకు ఉంది.

ఓ అల్లాహ్! ఆకలిగొన్నవారికి ఆహారాన్ని, భయపడుతున్నవారికి భద్రతను ప్రసాదించు. సూడాన్‌లో, గాజాలో, మా ఊళ్ళలో అన్నానికి దూరమైన నీ దాసులపై దయచూపు. మా సంపదలో ఉన్న వారి హక్కును సంతోషంతో అప్పగించే భాగ్యాన్ని మాకు కలుగజేయి. ఆమీన్.