పొలానికి వెళ్లే ముందు అరలీటరు రాగి అంబలి: తయారీ, జాగ్రత్తలు

రైతు సోదరులు, అక్కచెల్లెళ్లు చాలామంది తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఒక గ్లాసు టీ తాగి పొలానికి వెళతారు. మళ్లీ ఇంటికొచ్చి అన్నం తినేసరికి పదకొండు దాటుతుంది. రాత్రి ఎనిమిదింటికి తిన్నారనుకుంటే, దాదాపు పదిహేను గంటలు కడుపులో టీ తప్ప ఏమీ లేనట్టే. ఆ టీ మీదనే కలుపు తీస్తారు, మడవ కడతారు, మందు కొడతారు.

మందు కొట్టే సంగతి ముందు చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో మిరప తోటకు మందు కొడుతున్న రైతు పది గంటల వేళ కళ్లు తిరుగుతున్నాయని గట్టు మీద కూర్చున్నాడు. పక్క చేలోవాళ్లు "పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, నీరసం" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నీళ్లు తాగించి చెట్టు కింద పడుకోబెట్టాం. అరగంట తర్వాత వాంతులు, నోటి వెంట చొంగ మొదలయ్యాక గానీ అది మందు ప్రభావమని మాకు తట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం, బతికాడు. పోయిన ఆ అరగంట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఖాళీ కడుపు నీరసం, ఎండ దెబ్బ, మందు విషం... మూడింటికీ మొదట కనిపించేది కళ్లు తిరగడం, వికారం, చెమటలే. కడుపులో ఏదో ఒకటి పడి ఉంటే కనీసం "ఆకలి వల్లనేలే" అని సరిపెట్టుకునే అవకాశం ఉండదు. మందు కొట్టేటప్పుడు ఈ లక్షణాలు కనిపిస్తే కారణం వెతుకుతూ కూర్చోకుండా పని ఆపి, బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పొద్దున్నే కడుపులో ఏం వేసుకోవాలి? ఆ వేళకు టిఫిన్ చేసే తీరిక ఎవరికీ ఉండదు, తినబుద్ధీ కాదు. మన పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో దారి చూపించారు. అదే అంబలి. రాయలసీమలో రాగులంటాం, ఉత్తరాంధ్రలో చోళ్లంటారు, తెలంగాణలో తైదలంటారు. గింజ ఒక్కటే. జొన్న పిండితోనూ, గంటి పిండితోనూ అంబలి కాస్తారు. మీ ఇంట్లో ఏది ఉంటే దానితో చేసుకోవచ్చు. రాగుల ప్రత్యేకత కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆవు పాలలో అది 120 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, తెల్ల బియ్యంలో పది మించదు. రోజంతా వంగి నాట్లు వేసే ఆడవాళ్లకు నలభై దాటగానే మోకాళ్లు, నడుము పట్టేయడం చూస్తూనే ఉన్నాం. ఆ నొప్పులను అంబలి నయం చేస్తుందని నేను చెప్పను. ఎముకకు కావలసిన సరుకు మాత్రం అందులో ఉంది.

తయారీ విధానం

నలుగురికి సరిపడా కొలత చెబుతాను. రాగి పిండి రెండు టీ గ్లాసులు, అంటే సుమారు 150 గ్రాములు. బియ్యపు నూక ఒక గుప్పెడు. మజ్జిగ అరలీటరు. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మీ ఇష్టం.

పొద్దున పిండిని అరలీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూత పెట్టి పక్కన ఉంచాలి. సాయంత్రానికి కొద్దిగా పులుస్తుంది. చలికాలం పులవకపోతే ఒక చెంచా పుల్ల మజ్జిగ కలిపి పెట్టండి. సాయంత్రం వంట చేసేటప్పుడే లీటరుంపావు నీళ్లు మరిగించి, కడిగిన నూక వేసి మెత్తగా ఉడకనివ్వాలి. తర్వాత మంట తగ్గించి, పులిసిన పిండిని పోస్తూ గరిటెతో ఆపకుండా తిప్పాలి. పది నిమిషాల్లో పచ్చి వాసన పోయి, రంగు ముదిరి, గరిటెకు పట్టుకుంటుంది. దించి చల్లారాక కుండలోకి పోసి, గుడ్డ కట్టి రాత్రంతా ఉంచాలి. తెల్లవారి మజ్జిగ, ఉప్పు కలిపితే ఒక్కొక్కరికి అరలీటరు అంబలి సిద్ధం.

సాయంత్రమే కాయమనడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట సమావేశాల్లో పొద్దున్నే కాచుకోమని చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక అక్క లేచి, "సారూ, ఇప్పుడే నాలుగింటికి లేస్తున్నాం. అంబలి కోసం మూడింటికి లేవమంటారా?" అని అడిగింది. ఆమె మాట నిజమే. రాత్రే కాచిపెడితే తెల్లవారి పొయ్యి వెలిగించే పని ఉండదు. మజ్జిగ కలుపుకోవడం మగవాళ్లకు కూడా చేతనవుతుంది.

వేసవిలో మజ్జిగను రాత్రే కలపకండి, మరీ పులిసిపోతుంది. పొద్దున కుండ తెరిచినప్పుడు పుల్లని వాసన వస్తే మంచిదే. కుళ్లు వాసన వచ్చినా, తీగలా సాగినా, పైన బూజు కనిపించినా పశువులకు కూడా పెట్టకుండా పారబోయండి. కలిపిన అంబలిని మధ్యాహ్నం తర్వాత దాచుకోవద్దు.

మొలకెత్తించిన పిండి అయితే ఇంకా మేలు. రాగులను రాళ్లు లేకుండా కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి గుడ్డలో మూట కడితే ఒక రోజులో తెల్లగా మొలక కనిపిస్తుంది. నీడలో బాగా ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టించాలి. రాగుల్లో ఇనుము ఉన్నా, గింజలోని కొన్ని పదార్థాలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మొలకెత్తినా, పులిసినా ఆ అడ్డు కొంత తగ్గుతుంది. అంబలిలో సగం నిమ్మకాయ పిండుకున్నా ఇనుము బాగా పడుతుంది. టీ దీనికి వ్యతిరేకం. టీ మానమంటే ఎవరూ వినరు కాబట్టి ఒకటే అడుగుతున్నాను. అంబలికీ టీకీ మధ్య గంట తేడా ఉంచండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం ఆపకూడదు.

ఏ గింజలు మర పట్టిస్తున్నారో చూసుకోండి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. ఒక ఊళ్లో పిండి మర దగ్గర ఒక రైతు ఇంటివాళ్లు తెచ్చిన రాగుల్లో గులాబీ రంగు గింజలు కనిపించాయి. నాటగా మిగిలిన విత్తనాన్ని వృథా చేయడం ఎందుకని ఇంటి గింజల్లో కలిపేశారు. మర అతను చూసి నాకు ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. సంచి వెతికించి చూస్తే శిలీంధ్రనాశినితో శుద్ధి చేసిన విత్తనమని లేబుల్ మీద అచ్చు వేసే ఉంది.

విత్తనశుద్ధి చేసిన గింజకు సాధారణంగా ఎరుపో, గులాబీయో, నీలమో రంగు కలుపుతారు. తినే గింజతో కలవకుండా గుర్తు పట్టడానికే ఆ రంగు. ఇంట్లో మీరే మందు కలిపి శుద్ధి చేస్తే ఆ రంగు ఉండకపోవచ్చు, అందుకే ప్రమాదం ఇంకా ఎక్కువ. కడిగితే పోతుంది, వేయిస్తే పోతుంది అనుకోవద్దు, పోదు. మిగిలిన విత్తనాన్ని విడి సంచిలో కట్టి, "విత్తనం, తినరాదు" అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే నోటితో కూడా చెప్పండి. కోళ్లకు వేయకూడదు.

పొలానికి పట్టుకెళ్లే డబ్బా విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పురుగుమందు డబ్బా గట్టిగా ఉందని, నాలుగుసార్లు కడిగామని అందులో నీళ్లు, మజ్జిగ పోసుకెళ్లేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి అది చేయవద్దు. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచేస్తే మళ్లీ వాడాలన్న ఆలోచనే రాదు. అంబలికి స్టీలు క్యాను మంచిది. కళాయి లేని ఇత్తడి, రాగి చెంబుల్లో పుల్లని అంబలి పోయకూడదు. మందు కొడుతున్న చేలో కూర్చుని తాగకండి. ఇంట్లో తాగి వెళ్లండి, లేదా చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని గాలికి ఎదురు దిక్కున దూరంగా కూర్చుని తాగండి.

షుగర్ ఉన్నవాళ్లు రాగి అంబలి ఎంత తాగినా ఫరవాలేదని అనుకుంటున్నారు. ఇది పొరపాటు. రాగి కూడా పిండి పదార్థమే, జావగా కాస్తే త్వరగా అరుగుతుంది. నూక మానేసి, బెల్లం వేయకుండా, ఒక గ్లాసుతో ఆపి, తర్వాత షుగర్ ఎంత పెరుగుతోందో పరీక్ష చేయించుకోండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు, నంజుకునే ఊరగాయ తగ్గించాలి. కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

పది సెంట్లు చాలు

రోజుకు 150 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు 55 కిలోల రాగులు కావాలి. వర్షాధారంగా ఎకరాకు ఆరేడు క్వింటాళ్లు వచ్చినా, పది సెంట్లలో ఆ గింజలు పండుతాయి. అమ్మడానికి కాకపోయినా ఇంటి కోసం ఆ మాత్రం చోటు ప్రతి సన్నకారు రైతు దగ్గరా ఉంటుంది. పావు కిలో విత్తనంతో నారు పోసుకుని, మూడు వారాల నారు నాటుకుంటే సరిపోతుంది. రాగులకు మిగతా ధాన్యాల్లా పురుగు పట్టదు, బాగా ఎండబెడితే చాలాకాలం నిల్వ ఉంటాయి. పిండి మాత్రం నెలకు సరిపడా పట్టించుకోండి. విత్తనం కోసం మీ మండల వ్యవసాయ కార్యాలయంలో అడగండి. వచ్చే పంటకు మీ గింజలే విత్తనంగా వాడాలనుకుంటే, తినేవాటి నుంచి ముందే వేరు చేసి, మందు కలిపే పని నాటే ముందు రోజు మాత్రమే పెట్టుకోండి.