మీకు తెలుసా? మౌంటెన్ బైక్‌కు స్టాండు ఎందుకుండదో!

పిల్లాడికి గేర్ల సైకిలు కొందామని షాపుకు వెళ్తే ఓ వింత కంటపడుతుంది. పదీ పదిహేను వేలకు వచ్చే లావు టైర్ల సైకిలుకు ఎడమవైపు సైడ్ స్టాండు బిగించి ఉంటుంది. పక్కనే గోడకు ఆనించి ఉన్న లక్ష రూపాయల మౌంటెన్ బైక్‌కు మాత్రం ఉండదు. ‘ఇంత డబ్బు పోసినా స్టాండు ఇవ్వరా?’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. ఆ చిన్న ఇనుప కాలు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తెలుసుకుంటే సైకిలు గురించే చాలా సంగతులు బయటపడతాయి.

మౌంటెన్ బైక్ పుట్టిందే స్టాండు పీకేశాక

1970ల్లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లకు ఒక సరదా పట్టుకుంది. టామల్పాయస్ కొండ మీది మట్టిదారుల్లో పైనుంచి కిందికి సైకిలు మీద దూసుకురావడం. సన్న టైర్ల రేసు సైకిళ్లు ఆ రాళ్లకు తట్టుకోవు. అందుకని మూలన పడి ఉన్న 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లను ఏరి తెచ్చుకున్నారు. ఆ కంపెనీ 1933లో తెచ్చిన లావు బెలూన్ టైర్లే వాటి బలం. పిల్లలకు నచ్చాలని ఆ రోజుల్లో వాటిని మోటారు సైకిళ్లలా ముస్తాబు చేసేవారు. పెద్ద మడ్‌గార్డులు, చెయిను కవరు, పెట్రోలు ట్యాంకును తలపించే ఉత్తుత్తి డబ్బా, వాటితోపాటు స్టాండు. మన కుర్రాళ్లు స్పానరు పట్టుకుని అవన్నీ ఊడదీశారు. మిగిలిన బోసి బండికి ‘క్లంకర్’ అని పేరు పెట్టుకున్నారు. మన మాటలో డొక్కు సైకిలు.

1976 అక్టోబర్ 21న ఆ డొక్కు సైకిళ్లతోనే గడియారం పెట్టి పందెం మొదలుపెట్టారు. దారి పొడవు దాదాపు రెండు మైళ్లు, దిగుడు 1,300 అడుగులు. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. అది వెనక చక్రం హబ్బులోనే దాగి ఉంటుంది. కొండ పొడుగునా దాన్నే నమ్ముకుని దిగితే లోపలి గ్రీజు కాగి పొగలై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి పనికొచ్చేది కాదు. అలా మళ్లీ కూరడాన్ని ఇంగ్లీషులో ‘రీప్యాక్’ అంటారు. ఆ దారికీ, ఆ పందేనికీ అదే పేరు నిలిచిపోయింది. ఆ కుర్రాళ్లలో ఒకడైన గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో ఆ దారి దిగాడు. మరుసటి ఏడాది, 1977లో, అదే జట్టులోని జో బ్రీజ్ కొండదారుల కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. అతని తొలి సైకిలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ భద్రపరిచిన వస్తువుల్లో ఒకటి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ పేరుతో మౌంటెన్ బైకును ఫ్యాక్టరీ సరుకుగా మార్కెట్లోకి దించింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కూ చేరింది ఈ ఆట.

అంటే ఈ సైకిలును ఎవరో కూర్చుని కనిపెట్టలేదు. ఉన్న సైకిలులోంచి అక్కర్లేనివన్నీ తీసేస్తూ పోతే మిగిలింది. ముందు తీసేసిన వాటిలో స్టాండు ఒకటి. షాపులో లక్ష రూపాయల బండి పక్కన ‘స్టాండేదీ?’ అని అడిగినప్పుడల్లా నాకు ఆ కొండ కింద గ్రీజు చేతులతో కూర్చున్న కుర్రాళ్లే గుర్తొస్తారు.

స్టాండు వయసు నూటయాభై ఏళ్లు దాటింది

చెయిను సైకిళ్లు రాకముందే, ముందు చక్రానికే పెడళ్లుండే రోజుల్లోనే, 1869లో ఆల్బెర్ బెర్రుయె అనే ఆయన సైకిలుకు స్టాండు రూపొందించాడు. అది హ్యాండిలు కింద నుంచి దిగే పొడుగాటి కాలు. ఇప్పటి పొట్టి సైడ్ స్టాండు ఆ తర్వాత ఎన్నో చేతులు మారి వచ్చింది.

మన నల్ల సైకిలు స్టాండు వేరే జాతి

పాలక్యాన్లు మోసిన సైకిలు, బియ్యం బస్తా మోసిన సైకిలు, బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగిన సైకిలు. వీటన్నిటికీ వెనక చక్రం ఇరుసు దగ్గర బిగించిన రెండు కాళ్ల స్టాండు ఉండేది. కాలితో తొక్కిపట్టి, క్యారియర్ పట్టుకుని వెనక్కి లాగితే చక్రం నేల విడిచి పైకి లేస్తుంది. సైకిలు ఎటూ వాలకుండా నిటారుగా నిలబడుతుంది. అందుకే ఒంటి చేత్తో బస్తా ఎక్కించుకోవచ్చు, రెండువైపులా క్యాన్లు తగిలించుకోవచ్చు. చిన్నప్పుడు స్టాండేసిన సైకిలెక్కి, ఉన్నచోటనే గాల్లో చక్రం గిరగిరా తిప్పుతూ ఊరంతా తిరిగొచ్చినట్టు మురిసిపోయిన వాళ్లకు ఆ స్టాండు విలువ వేరే చెప్పక్కర్లేదు. సైడ్ స్టాండు మీద ఆ ఆట సాగదు. వెనక చక్రం నేల మీదే ఉంటుంది కాబట్టి పెడలు తొక్కితే సైకిలు ముందుకు పోతుంది.

మూడు కాళ్ల మీద నిలబడే లెక్క

సైడ్ స్టాండేసిన సైకిలు నేలను మూడుచోట్ల తాకుతుంది. ముందు టైరు, వెనక టైరు, స్టాండు కొన. ఈ మూడింటినీ కలిపితే ఓ బక్కపలచని త్రిభుజం వస్తుంది. సైకిలు బరువు గీత ఆ త్రిభుజం లోపల పడినంతసేపూ బండి నిలుస్తుంది. హ్యాండిలు కాస్త పక్కకు తిరిగినా, సైకిలు అంగుళం ముందుకు జరిగినా లెక్క తప్పుతుంది. స్టాండు మరీ పొడుగైతే సైకిలు నిటారుగా లేచి చిన్న గాలికే అవతలివైపు పడుతుంది. మరీ పొట్టిదైతే ఇటువైపు బాగా ఒరిగిపోతుంది.

ఇక నేల. స్టాండు కొన బొటనవేలంత ఉంటుంది. రోహిణీ కార్తెలో మెత్తబడిన తారులోకి మోటారు సైకిలు స్టాండు దిగబడటం మనం చూస్తూనే ఉంటాం. అడవిలో ఆకులు కుళ్లిన మట్టి, వాగు పక్కన ఇసుక, వాన పడ్డ నల్లరేగడి ఎప్పుడూ అంతే మెత్తన. సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద మాత్రమే సైడ్ స్టాండు తన పని చేయగలదు. కొండదారిలో దొరకనిది అలాంటి నేలే.

‘అన్నా, స్టాండు! స్టాండు!’

మన రోడ్ల మీద ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా వెనక నుంచి అరిచి చెప్పే మాట ఇది. సైడ్ స్టాండు ఎత్తకుండా వెళ్తున్న బండి ఎడమకు తిరిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎడమకు వాలగానే స్టాండు నేలకు తగిలి బండిని ఎత్తి పడేస్తుంది. ఇలా అరిచి చెప్పే అలవాటు మన రోడ్లకున్న గొప్ప గుణాల్లో ఒకటని నా అభిప్రాయం.

కొండదారిలో అలా అరిచేవాళ్లుండరు. అక్కడ స్టాండు ఎత్తడం మరిచిపోనక్కర్లేదు కూడా, తనంతట తానే దిగొచ్చు. దాన్ని పైకి పట్టి ఉంచేది ఒక స్ప్రింగు. చదును రోడ్డు మీద అది చాలు. రాళ్లమెట్ల మీద నుంచి సైకిలు దూకి దబ్బున నేలకు కొట్టుకున్నప్పుడు, ఆ కుదుపుకు స్ప్రింగు పట్టు ఒక్క క్షణం సడలితే స్టాండు కిందికి ఊగుతుంది. ఆ క్షణంలోనే చెట్టు వేరో, రాయో అడ్డొస్తే సైకిలు ఆగుతుంది, మనిషి ఆగడు. స్టాండు దిగకపోయినా ముప్పే. ఇరుకు దారిలో పక్కకు పొడుచుకొచ్చిన ఇనుప ముక్క తుప్పలకు తగులుకుంటుంది. పడినప్పుడు పిక్కలో గుచ్చుకుంటుంది. స్టాండు వద్దనడానికి ఇంకే కారణం లేకపోయినా ఇదొక్కటి చాలంటాను.

అమెరికాలో పిల్లలు ఆడే బీఎంఎక్స్ పందేల్లో సైకిలు గీత దగ్గరికి రావాలంటే ముందు స్టాండు విప్పి పక్కన పెట్టాల్సిందే. అక్కడ అది నియమం. మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లకు అది నియమం దాకా వెళ్లకుండానే అలవాటైపోయింది.

బిగించడానికి చోటేదీ?

మామూలు సైకిలులో స్టాండును పెడళ్ల ఇరుసుకు వెనకగా, వెనక చక్రం వైపు వెళ్లే రెండు గొట్టాల మధ్య పట్టీలా నొక్కి బిగిస్తారు. పాత సైకిళ్ల ఉక్కు గొట్టాలు ఆ నొక్కుడుకు తట్టుకునేవి. ఇప్పటి ఖరీదైన మౌంటెన్ బైకుల్లో ఆ గొట్టాలు పలచని అల్యూమినియంవి, లేదా కార్బన్ ఫైబర్‌వి. కార్బన్ గొట్టం పొడుగునా వచ్చే బలానికి రాయిలా నిలుస్తుంది. అదే గొట్టాన్ని రెండు పక్కల నుంచి బోల్టుతో నలిపితే లోపల పగుళ్లు రావచ్చు. బయటికి ఏమీ కనిపించదు. ఎప్పుడో కొండ దిగుతుండగా తెలుస్తుంది. కార్బన్ ఫ్రేముకు స్టాండు బిగించమని దయచేసి ఏ మెకానిక్‌నూ ఒత్తిడి చేయకండి.

వెనక కూడా షాకబ్జార్బర్ ఉన్న సైకిలైతే కష్టం ఇంకోటి. అక్కడ వెనక భాగమంతా కీలు మీద పైకీ కిందికీ ఆడుతుంది. స్టాండు పెట్టాల్సిన చోటును ఆ కీలే ఆక్రమించి ఉంటుంది. పోనీ ఇంకాస్త వెనక, ఇరుసు దగ్గర ఎడమ గొట్టానికి బిగిద్దామా అంటే అక్కడ డిస్క్ బ్రేకు కూర్చుని ఉంది. గొట్టం అడుగున బ్రేకు నూనె గొట్టం పోతూ ఉంటే పట్టీ కింద అది నలిగిపోతుంది.

బరువు సంగతి చాలామంది మొదట చెబుతారు గానీ నా లెక్కలో అది చివరిది. మామూలు అల్యూమినియం స్టాండు పావు కిలో, మహా అయితే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.

మరి కొండ మీద సైకిలును ఎలా నిలబెడతారు?

నిలబెట్టరు. పడుకోబెడతారు. అందులోనూ పద్ధతుంది. ఎప్పుడూ ఎడమవైపుకే. చెయిను, పళ్లచక్రాలు, వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే పరికరం అన్నీ కుడివైపున ఉంటాయి కాబట్టి ఆ వైపు ఆకాశాన్ని చూడాలి. ఆ పరికరాన్ని ఫ్రేముకు తగిలించే చిన్న అల్యూమినియం ముక్కను హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా ముందు తానే వంగిపోవాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. సైకిలు కుడివైపు పడిందంటే మొదట వంగేది అదే. అది రవ్వంత వంగినా ఇక గేర్లు కుదురుగా పడవు.

చెట్టు ఉంటే వెనక చక్రాన్నో, సీటునో దానికి ఆనించాలి. హ్యాండిలు మాత్రమే ఆనిస్తే ముందు చక్రం తిరిగి సైకిలు జారిపోతుంది. మోకాలెత్తు రాయి ఉంటే ఎడమ పెడలును దాని మీద ఆనించి, బరువు రాయి మీద పడేలా సైకిలును కాస్త అటు వాల్చితే అదే స్టాండు. ఏమీ లేకపోతే మోచేతి పొడుగు పుల్ల ఏరి, ఒక కొన నేల మీద, ఇంకో కొన పెడలు సందులో ఇరికిస్తారు. ఫొటోల్లో మనిషి లేకుండా ఒంటరిగా నిలబడిన మౌంటెన్ బైకులు చాలావరకు ఆ పుల్ల మహిమే.

తలకిందులుగా పెట్టడం మన సైకిలు షాపుల్లో మామూలే. నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకులున్న సైకిలును అలా ఎక్కువసేపు ఉంచితే, పైడబ్బాలో ఉన్న గాలి బుడగ గొట్టంలోకి చేరొచ్చు. అప్పుడు బ్రేకు పట్టుకుంటే దూదిలా లోపలికి పోతుంది. తిరగేసిన ప్రతిసారీ ఎక్కేముందు బ్రేకు రెండుమూడుసార్లు గట్టిగా పట్టి చూడండి.

చెట్టే లేనిచోట?

మనాలి నుంచి లేహ్‌కు సైకిలు మీద వెళ్లేవాళ్లు ఏటా ఉంటారు. చాలామంది మౌంటెన్ బైకు మీదే వెళ్తారు. రోహ్‌తాంగ్ కనుమ దాటాక క్రమంగా చెట్లు మాయమవుతాయి. 5,000 మీటర్లు దాటిన కనుమల్లో ఆనించడానికి కొమ్మ కూడా దొరకదు. సైకిలుకు రెండువైపులా సంచులు, డేరా, నీళ్లు. అంత బరువును రోజుకు ఇరవైసార్లు నేల మీద పడుకోబెట్టి లేపడం, ఊపిరాడని ఆ ఎత్తులో చిన్న పని కాదు. అక్కడ స్టాండు విలాసం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అలాంటి ప్రయాణాలకు మధ్యలో బిగించే రెండు కాళ్ల స్టాండ్లున్నాయి, మన నల్ల సైకిలు స్టాండుకు దూరపు చుట్టాలు. డేరా కర్రలా మడిచి సంచిలో పెట్టుకునే ఊతకర్రలూ ఉన్నాయి. దిగాక ముందు బ్రేకును రబ్బరు బ్యాండుతో హ్యాండిలుకు కట్టేస్తే చక్రం కదలదు, ఏ స్టాండైనా రెట్టింపు నమ్మకంగా నిలుస్తుంది. ఈ చిట్కా ఊళ్లోనూ పనికొస్తుంది.

ఊళ్లో తొక్కే ‘మౌంటెన్ బైక్’ సంగతి

మన దగ్గర లావు టైర్ల సైకిళ్లలో ఎక్కువ భాగం కొండ ముఖం చూడవు. బడికి, ట్యూషన్‌కి, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు దారికి వెళ్తాయి. బడి ఆవరణలో యాభై సైకిళ్ల మధ్య స్టాండు లేని సైకిలు పెడితే అది పక్కదాని మీద పడుతుంది, అది ఇంకోదాని మీద. ఈ సైకిళ్లకు స్టాండు ఉండాలి. రేసు సైకిలులా కనిపించాలని పిల్లలు దాన్ని ఊడపీకించుకోవడం చూస్తుంటాను. నాకు నచ్చదు.

కొత్తగా బిగించుకునేవాళ్లు ముందు వెనక ఇరుసు దగ్గర ఎడమ గొట్టాన్ని చూడండి. 18 మిల్లీమీటర్ల ఎడంతో, లేదా 40 మిల్లీమీటర్ల ఎడంతో రెండు బోల్టు రంధ్రాలు ఉన్నాయంటే ఆ ఫ్రేమును చేసినవాళ్లు స్టాండును తలచుకునే చేశారు. దానికి సరిపడేదే అడిగి తెచ్చుకోండి, గొట్టాన్ని నలిపే పని ఉండదు. బిగించాక ఎడమ పెడలును వెనక్కి ఒక చుట్టు తిప్పి చూడండి, స్టాండుకు తగలకూడదు. వారాంతంలో అనంతగిరి మట్టిదారుల్లోకి వెళ్లే సరదా ఉంటే మాత్రం, బయల్దేరే ముందు ఆ రెండు బోల్టులూ విప్పి స్టాండును ఇంట్లో పెట్టి వెళ్లండి. రెండు నిమిషాల పని.